కామాక్షి తొట్టిలో పోసిన నీళ్లు

నా ఇరవయ్యో ఏట గుడియాత్తంలో పాత కాగితాలు నానబెట్టి, దంచి, కొత్త కాగితం తీసే కొట్టంలో పనిచేసేదాన్ని. మేస్త్రీ ఎప్పుడూ పక్కతొట్టి కామాక్షినే మెచ్చుకునేవాడు. నాకు ఒళ్లు మండేది. ఒకరోజు గుజ్జు కడిగినప్పుడు గుడ్డలోంచి కారిన నలుసునీళ్లను, పారబోయకుండా ఆమె తొట్టిలో పోశాను. ఆ సన్నటి నలుసు, కాగితం ఎత్తే జల్లెడకు అడ్డుపడి నీరు దిగలేదు. కాగితాలు ఎత్తగానే చిరిగిపోయాయి.

"యాడ చూస్తా కడిగినావే? రేపట్నించి రావద్దు!" అని మేస్త్రీ కామాక్షి మీద అరిచాడు.

కామాక్షి కళ్లు తుడుచుకుని నా దగ్గరికి వచ్చింది. "అక్కా, యాడనించో నలుసు వచ్చుండాది. నీ గుజ్జు ఇంకోసారి కడుగు, నీకూ తిట్లు పడతాయి" అంది.

నేను తలూపి, నా గుజ్జు ఇంకోసారి కడిగాను. నలభై దాటాక అక్షరాలు నేర్చుకుని ఇప్పుడు రాస్తున్నాను. కామాక్షి ఇప్పుడు అణైకట్ అనే ఊళ్లో ఉందట. ఆమెకు చదువు రాదు. ఎవరైనా ఇది చదివి వినిపించండి.