సరిహద్దు దాటని సీసా

యుగాండా, కెన్యాల సరిహద్దు ఊరు బుసియాలో యుగాండా వైపున్న మిషన్ ఆసుపత్రిలో సిస్టర్ తాకా పెర్పెటువా పేరు చెబితే డాక్టర్లు కూడా చేతులు కడుక్కునేవారు. ఒక మంచం మీది రోగం ఇంకో మంచానికి పాకకుండా చూడటం ఆమె ఉద్యోగం. ఒకసారి బిషప్పు గారు రోగులను దీవించడానికి వస్తే, ఉంగరం తీయించి మోచేతుల దాకా సబ్బుతో కడిగించింది. "చేతికి దీవెన ఒక్కటే అంటుకుంటే ఎంత బాగుండు ఫాదర్!" అంది. పందొమ్మిదేళ్లలో ఆమె ఒక్క అబద్ధమూ ఆడలేదని వార్డులో చెప్పుకునేవారు.

ఎగెసా అనే మోటారుసైకిలు టాక్సీవాడు కెన్యా వైపు కిందపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అక్కడి ఆసుపత్రిలోనే లోపల రాడ్డు వేశారు. ఇంటికొచ్చాక పుండు చీము పట్టి తాకా వార్డుకు చేరాడు. ఒక మందు మారిస్తే ఇంకో మందు, దేనికీ లొంగలేదు. ఆ క్రిమి ఏ మందుకు చస్తుందో తేల్చే పరీక్షకు కావలసిన సరుకు రాజధాని ల్యాబులో నిండుకుని నెలయింది. సరిహద్దుకు అవతల, అరగంట దూరంలో ఒక ల్యాబు ఉంది. తాకా చీము నింపిన సీసాను ఐసుపెట్టెలో పెట్టుకుని బయలుదేరింది.

కెన్యా కస్టమ్స్‌లో చెప్‌క్వోనీ అనే అధికారి పెట్టె తెరిపించాడు.

"ఏంటమ్మా ఇది?"

"పుండులోంచి తీసిన చీము సార్. క్రిములున్నాయి, మూత ముట్టుకోకండి."

"బతికున్నవా, చచ్చినవా?"

"బతికుంటేనేగా పరీక్ష!"

"అయితే జీవాల ఫారం నింపాలి."

అది ఆవులకూ మేకలకూ వేసిన ఫారం. తలలెన్ని, మగవెన్ని, ఆడవెన్ని, చెవి బిళ్ల నంబరెంత?

"ఎన్నుంటాయి?" అన్నాడు చెప్‌క్వోనీ కలం పట్టుకుని.

"కోట్లుంటాయి సార్."

"యాభై దాటితే పశువుల డాక్టరు సంతకం కావాలి."

మర్నాడు తాకా పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. ఆయన మంచివాడు. సీసాను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. "ఏ జంతువని రాయను సిస్టరమ్మా? ఆరోగ్యంగా ఉన్నాయని రాయమంటారా?"

"మహా ఆరోగ్యంగా ఉన్నాయండీ. మా ఏడుపంతా అదే."

సంతకం దొరికింది. చెప్‌క్వోనీ కాగితం తిరగేశాడు. "పుట్టిన దేశం రాయలేదే?"

"మీ దేశమే సార్. మీ ఆసుపత్రిలో ఆపరేషనయ్యాకే అంటుకుంది."

"అట్లయితే ఇవి కెన్యా జీవాలు. యుగాండాలోకి తోలినప్పటి కాగితం ఏదీ?"

మూడో రోజుకు ఐసు కరిగిపోయింది, సీసా వేడెక్కింది. ఇక పరీక్షకు పనికిరాదని తెలిసి తాకా కస్టమ్స్ ముందరి బల్ల మీద కూలబడింది. అంతలో గేటు దగ్గర ఒక మోటారుసైకిలు ఆగింది. వెనక సీటులో కట్టుకాలు చాపుకుని కూర్చున్నవాడు ఎగెసా! కాపలావాడు గుర్తింపు కార్డు చూసి పొమ్మని చెయ్యూపాడు.

"ఒరే, గది దాటొద్దన్నానా లేదా?"

"మా చెల్లెలి బిడ్డకు జ్ఞానస్నానమక్కా. చేపలు కాల్చారట. తినేసి వచ్చేస్తా."

"నిన్నెవరూ ఆపలేదురా?"

"నన్నెందుకాపుతారు? నా దగ్గర ఏముందని?"

తాకా వాణ్ణి చెవి పట్టుకున్నంత పని చేసి వార్డుకు తీసుకుపోయింది. మర్నాడు వాడి కాలికి మూడు పొరల గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ చుట్టి, వాడిని ఒక టాక్సీ బండెక్కించి, తానూ వెనక కూర్చుంది.

చెప్‌క్వోనీ నవ్వాడు. "ఇవాళ పెట్టె తేలేదే సిస్టర్?"

"ఏమీ లేదు సార్. మా తమ్ముడు, చుట్టాలింటికి పోతున్నాం." ఆ మాట అంటూనే ఆమె శిలువ గుర్తు వేసుకుంది.

"పొండి, పొండి."

అవతలి ల్యాబులో రెహెమా అనే అమ్మాయి కాలి నుంచే చీము తీసుకుంది. నాలుగు రోజులకు ఫోన్ చేసింది. ఒకే ఒక్క పాత మందు పనిచేస్తుందట. "ఇది మాకు తెలిసినదే అక్కా. ఫిబ్రవరి నుంచి మా వార్డుల్లో పదకొండుమందిలో చూశాం."

"మాకొక మాట చెప్పొద్దుటమ్మా?"

"రాశామక్కా. మేం మా రాజధానికి రాస్తే, వాళ్లు మీ రాజధానికి రాయాలి. అక్కడివాళ్లు మీకు రాయాలి."

తాకా ఫోన్ పట్టుకుని పకపకా నవ్వింది. కాసేపటికి అది ఏడుపయింది. అప్పటికే ఆ క్రిమి ఆమె వార్డులోనే ఇంకో ఇద్దరిలో బయటపడింది. వారిలో ఒక ముసలమ్మ దక్కలేదు. తాకా వార్డు మూయించి, మంచాలన్నీ ఎండలో వేయించి, తానే చీపురు పట్టింది. ఎగెసా ఏడువారాలకు కుంటుతూ ఇంటికి పోయాడు.

ఆసుపత్రి సూపరింటెండెంటు పిలిచి, "రోగిని ఎవరి అనుమతితో సరిహద్దు దాటించావ్?" అని గద్దించాడు.

"గేటు దగ్గర ఎవరూ అడగలేదు సార్, అదే భయంగా ఉంది," అంది తాకా.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఆమె, రెహెమా రెండు గేట్ల మధ్య టీ బండి దగ్గర కలుస్తారు. ఎవరి వార్డులో ఏ మందు పనిచేయడం మానేసిందో చీటీల మీద రాసుకుని మార్చుకుంటారు. రాజధానుల నుంచి ఉత్తరం ఇంకా రాలేదు.