మా గేటు దాకా చాలు

మా ఆయన బండిలో పెట్రోలు ఎవరో పైపు పెట్టి లాగేస్తున్నారు. రాష్ట్రం ఇంకా విడిపోని రోజులవి. నాచారంలో మా వీధికి పొద్దుగూకగానే కరెంటు పోయేది, దొంగకు అదే అదను. పొద్దున్నే చర్లపల్లి ఫ్యాక్టరీకి బయల్దేరిన మనిషి సగం దారిలో బండి తోసుకుంటూ పెట్రోలు బంకు వెతుక్కోవాల్సి వచ్చింది. దాంతో కెమెరా పెట్టించాల్సిందేనన్నారు.

ఉప్పల్‌లో కొట్టతను రెండు రకాలు చూపించాడు. లెన్సు చుట్టూ ఉన్న చిన్న బల్బులు ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు వేస్తాయట. అది మన కంటికి కనబడదు, కెమెరాకు కనబడుతుంది. చిన్నదాని వెలుతురు మా గేటు దాకా వస్తే, పెద్దదానిది వీధి దాటి ఎదురింటి దాకా పోతుంది. గేటు దాకా చాలదా అని మొత్తుకున్నాను. వింటేగా! ఇద్దరున్న ఇంటికి పది లీటర్ల కుక్కరు తెచ్చిన మహానుభావుడాయన. పెద్దదే కొన్నారు.

బిగించిన సాయంత్రమే కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద కెమెరా, టీవీ నడుస్తున్నాయి. అంత చీకట్లోనూ వీధంతా తెలుపు నలుపుల్లో పట్టపగల్లా కనబడుతుంటే ఆయన మురిసిపోతున్నారు. అంతలో ఎదురింటి మెట్ల మీద, నేను అక్కా అని పిలిచే ఆ ఇంటావిడ కనబడింది.

అక్క నవ్వు వినకుండా మా వీధికి తెల్లారేది కాదు. అంతకుముందు ఏడాది భర్త పోయినా, అత్తమామల ముందూ ఆడపిల్లలిద్దరి ముందూ కంట తడి పెట్టలేదు. తనకేం ఫికర్ లేదని, పరామర్శకు వెళ్ళిన నన్నే ఓదార్చింది. ఆ అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నా ప్రాణం ఉసూరుమంది. టీవీ కట్టెయ్యమన్నాను. ఆయన అప్పటికే లేచారు. కరెంటు రాగానే ఎప్పటిలాగే అక్క గొంతు వీధంతా వినబడింది, మోటర్లు వేసుకోమంటూ. ఉక్కకు తాళలేక రోజూ బయట కూర్చుంటుందనుకునేవాళ్ళం ఇన్నాళ్ళూ.

మర్నాడు ఆయనే కెమెరా విప్పించి ఉప్పల్ తీసుకెళ్ళారు. అందరూ దూరం అడుగుతుంటే మీరేంది సార్ అని కొట్టతను నవ్వాడట. మా గేటు దాకా చాలని చెప్పి చిన్నది తెచ్చారు. నా మాటే నెగ్గింది గానీ, ఆయన్ని దెప్పబుద్ధి కాలేదు.

రెండ్రోజులకు అక్క మా గేటు దగ్గరికొచ్చి కెమెరా వంక చూసింది.

"చెల్లె, గిది మా మెట్ల దాకా సూస్తదా?"

నవ్వుతూనే అడిగింది గానీ, గేటు పట్టుకున్న చెయ్యి వదల్లేదు. లేదక్కా, మా గేటు దాకే అన్నాను. ఆ సాయంత్రం కరెంటు పోయాక ఎదురింటి తలుపు గొళ్ళెం తీసిన చప్పుడు వినబడింది. హమ్మయ్య అనుకున్నాను.

కొత్త రాష్ట్రం వచ్చాక మెల్లగా కోతలు ఆగిపోయాయి. వీధంతా సంబరపడింది. నాకేమో దిగులు పట్టుకుంది. అక్క మెట్ల మీద ఇప్పుడు వీధిదీపం వెలుగు పడుతోంది, ఆమె సాయంత్రాలు బయటికి రావడం మానేసింది. అందరి ముందూ అలాగే నవ్వుతోంది గానీ మనిషి చిక్కిపోయింది. చూడలేక ఓ రోజు వాళ్ళింటికి వెళ్ళి, మా వెనక వసారాలో బల్బు తీసేశానని, అక్కడికెవరూ రారని, వచ్చి కూర్చోమని చెప్పాను.

అక్క నా మొహంలోకి చూసింది.

"గా దినం సూసిన్రు గదా."

తలూపాను. అక్క నవ్వలేదు. జర ఎదురింటికి పోయొస్తనని లోపలున్న అత్తకు కేకేసి చెప్పి, చెప్పులు తొడుక్కుంది.