భూమి చుట్టూ తిరిగి వచ్చిన అల

భూకంపం మామ ఇల్లెక్కడని అడిగితే ఆ వీధిలో ఎవరైనా చెబుతారు. కాకపోతే చెప్పే ముందు ఒకసారి నవ్వుతారు. ఆయన ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం కాటాలు బాగుచేశాడు. కిరాణా కొట్టు త్రాసు నుంచి లారీలు తూచే వేబ్రిడ్జి దాకా ఆయన చెయ్యి పడనిది లేదు. పని మానేశాక ఊరికే కూర్చోలేక మెట్ల కింది కొట్టుగదిలో ఒక యంత్రం కట్టాడు. సన్నని తీగకు వేలాడే అడ్డకమ్మీ, దాని చివర ఇత్తడి బరువు, పక్కన అయస్కాంతం, రాగితీగ చుట్ట. నేల కదిలినా బరువు ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ తేడా కంప్యూటరు తెర మీద గీతగా పడుతుంది. ఎక్కడో సముద్రాల అవతల భూమి కంపిస్తే తన ఇంట్లో తెలియాలని ఆయన ఆశ.

తెలిసింది మాత్రం వేరే. గీత ఎగిరినప్పుడల్లా "వచ్చింది, వచ్చింది!" అని ఆయన ఇల్లెగిరిపోయేలా కేక పెట్టేవాడు. తీరా చూస్తే నీళ్ల మోటారో, మలుపు తిరిగిన బస్సో.

"పై వాటా ఆవిడ మెట్లు దిగినా మీ మామయ్యకు భూకంపమేనమ్మా" అనేది అత్తగారు కోడలితో.

ఇళ్లలో ఇలాంటి యంత్రాలు పెట్టుకున్నవాళ్ల బృందం ఒకటుంది. దాన్ని నడిపేది లెక్కల టీచరమ్మ. ఒకసారి ఆయన ఎంతో సంబరంగా పంపిన రికార్డింగు చూసి, "ఇది లారీ అండీ" అని ఆవిడ మెత్తగా చెప్పింది. ఆ రోజు నుంచి ఆయన యంత్రాన్ని ఆపలేదు కానీ తెర వైపు చూడటం మానేశాడు.

కోడలు రికార్డింగ్ స్టూడియోలో పనిచేస్తుంది. ప్రకటనలకు గొంతిచ్చేవాళ్ల మాటల్లోంచి ఫ్యాను రొద, కుర్చీ కిర్రుమనడం, పెదవుల చప్పుడు తీసేయడం ఆమె పని. ఒక సెలవు రోజు పొద్దున చీపురు కోసం కొట్టుగదిలోకి వెళ్లి, తెర మీద గజిబిజిగా పాకుతున్న గీతను చూసి నిలబడిపోయింది.

"మామయ్యా, మోటారు రొద ఇంత ఉంటే ఇందులో మీకేం కనబడుతుంది? గొంతు మీద ఫ్యాను ఎక్కి కూర్చున్నట్టుంది."

"అది తీసేయొచ్చా అమ్మాయ్?"

"నేను తినే తిండే దాని మీద కదా!"

మోటార్లు, బస్సులు గబగబా వణికిస్తాయి. దూరపు భూకంపం నింపాదిగా ఊపుతుంది. ఆ తేడా పట్టుకుని ఆమె పాత రికార్డింగులను ఒక్కొక్కటే వడపోసింది. ఒకదాంట్లో చెత్తంతా పోయాక అడుగున చక్కటి అల తేలింది. తారీఖు చూస్తే ఆ రోజు దూరదేశంలో నిజంగానే భూమి కంపించింది. మామగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

దాంతో ఆమెకు ఊపొచ్చింది. స్టూడియో అలవాటు కొద్దీ ఇంకా నున్నగా చేసింది. అక్కడే బోర్లా పడింది. భూకంపం నుంచి వేగంగా నడిచే అల ముందు వస్తుంది, నెమ్మదైనది వెనక వస్తుంది. రెండింటికీ ఎంత ఎడముంటే భూకంపం అంత దూరం. ఆమె నునుపు చెయ్యడంలో ముందు అల మొదలయ్యే చోటు చెరిగి పక్కకు జరిగింది. బృందంలో మిగతావాళ్ల దూరాలతో కలిపి లెక్క వేస్తే భూకంపం ఎడారి నడుమ తేలింది.

"అక్కడ ఇసుక తప్ప ఏమీ కదల్లేదమ్మా" అని టీచరమ్మ నవ్వింది.

మామగారు నవ్వలేదు. "కాటా మీద దుమ్ము తుడవొచ్చు, వేలు పెట్టకూడదు. నువ్వు వేలు పెట్టావు."

ఆమె మొహం కందిపోయింది. "అసలు కనబడేలా చేసిందే నేను కదా మామయ్యా!"

"కాదన్నానా? అసలుదాన్ని ముట్టుకోకుండా ఉంచు. నువ్వు కడిగింది పక్కన పెట్టు. రెండూ చూస్తేనే నమ్మకం."

కొన్నాళ్లు ఇంట్లో మాటలు పొడిపొడిగా నడిచాయి. తర్వాత ఆమే ఆయన చెప్పినట్టు మొదటి నుంచీ అన్నీ మళ్లీ చేసింది.

ఒక మధ్యాహ్నం, చాలా దూరాన నడిసముద్రం అడుగున పెద్ద భూకంపం వచ్చింది. దగ్గర్లో జనం లేరని, ఎవరికీ ఏమీ కాలేదని వార్తల్లో విన్నాకే మామాకోడళ్లు కొట్టుగదిలో అడుగుపెట్టారు. ముందు అల, వెనక అల, ఆపైన భూమి పైపొర పట్టుకుని పాకే పెద్ద అలలు అన్నీ పడ్డాయి. బృందంలో అందరికీ పడ్డాయి. ఫోన్లు మోగిపోయాయి.

కోడలు అక్కడితో ఆగలేదు. మాట అయిపోయాక మైకు ఆపేలోపు మిగిలే నిశ్శబ్దాన్ని కూడా వినడం ఆమెకు అలవాటు. ఆ తర్వాతి గీతంతా తీసుకుని, బాగా మెల్లగా ఊగేదాన్ని మాత్రమే ఉంచి చూసింది. పెద్ద అలలు పోయిన గంటన్నరకు, సన్నగా మళ్లీ ఒక ఊపు.

"నా వడపోతే దీన్ని పుట్టించిందేమో మామయ్యా."

"అసలుదాంట్లో చూడు."

చూసింది. లీలగా ఉంది. ఇంకో భూకంపమా అంటే ఆ వేళకు ఎక్కడా రాలేదు. మామగారు లేచి వెళ్లి ఒక బంతి, దారం తెచ్చాడు. బంతి మీద రెండు చుక్కలు పెట్టి, ఒకటి భూకంపం, ఒకటి మన ఇల్లు అన్నాడు. దారాన్ని దగ్గరి దారిన లాగి, తర్వాత బంతి వెనక నుంచి చుట్టి తెచ్చాడు.

"ఇటూ బయలుదేరుతుంది, అటూ బయలుదేరుతుంది కదా. అటు పోయింది ఏమైనట్టు?"

లెక్క కట్టారు. మొదటిసారి తప్పింది, ఆయన ఒక సున్నా మింగేశాడు. రెండోసారి వేళ అతికినట్టు కుదిరింది. భూమిని అవతలి వైపు నుంచి చుట్టుకుని వచ్చిన అల అది!

"ఏమేవ్, ఇలా రా!"

అత్తగారు తడిచేతులతోనే వచ్చింది. "మళ్లీ వచ్చిందా?"

"భూమంతా తిరిగొచ్చిందే!"

"అంతా తిరిగి, చివరికి మన కొట్టుగదిలోకా!" అంటూనే ఆవిడ తెర ముందు కూర్చుంది. ఎంతసేపటికీ లేవలేదు.

అసలుదీ, కడిగిందీ రెండూ టీచరమ్మకు పంపారు. ఆవిడ బృందంలో అందరినీ వెతకమంది. ఇంకో ఇద్దరికే దొరికింది, అదీ కోడలు ఎలా వడపొయ్యాలో చెప్పాక.

ఆ ఏడాది బృందం కలిసినప్పుడు ఆ గీతను గోడంత తెర మీద వేశారు. మామగారు మాట్లాడటానికి ఏదేదో సిద్ధం చేసుకున్నాడు. తీరా లేచి నిలబడ్డాక రాసుకున్న కాగితం మడిచి జేబులో పెట్టేశాడు.

"యంత్రం నాదండీ. ఈ అల మాత్రం మా కోడలిది" అని కూర్చున్నాడు.

స్టూడియోలో ఆమె పని ఎంత బాగా కుదిరితే అంతగా ఎవరికీ తెలియదు. లేని రొదను ఎవరు గమనిస్తారు? ఇప్పుడు హాలంతా తన వైపు తిరిగి చప్పట్లు కొడుతుంటే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక చున్నీ కొస పట్టుకుంది. అయినా తల మాత్రం దించుకోలేదు.

పక్క కుర్చీలోంచి అత్తగారు మోచేత్తో పొడిచింది. "లేచి నిలబడమ్మా, వెనకవాళ్లకు కనబడొద్దూ!"