కుడి నుంచి ఎడమకి

మా బావ గూర్యాకి చదువు రాదని హిమ్స్ పట్టణంలో నాకొక్కడికే తెలుసు. మా అక్క ష్మూనీకీ తెలుసు, కానీ ఆవిడ ఒప్పుకోదు. టంకశాలలో నాణేలకు అచ్చులు చెక్కేవాడికి చదువు రాదంటే ఎవరు నమ్ముతారు? ఆయన చెక్కిన అచ్చుల మధ్య రాగి బిళ్ల పెట్టి సుత్తితో కొట్టేవాణ్ణి నేను. ముప్ఫై ఏళ్లుగా కొడుతున్నాను. గ్రీకు అక్షరాలు ఆయన కంటికి ఒట్టి బొమ్మలు. ఇది గుడారం, ఇది ఉంగరం, ఇది ఒంటిమెట్టు నిచ్చెన, అంతే.

వాళ్ల తాత అంతియొకలో, అప్పట్లో మమ్మల్నేలిన గ్రీకు మాటల రూమ్ చక్రవర్తి మొహం నాణేల అచ్చుల మీద చెక్కాడు. పారసీకులు వచ్చిపడితే ఉలి మూటగట్టుకుని ఈ ఊరు పారిపోయి వచ్చాడు. పారసీకులు పోయారు, రూమ్ వాళ్లు తిరిగొచ్చారు, వాళ్లు కుదురుకునే లోపే అరబ్బులు వచ్చారు. ఏ ఎండకా గొడుగు పట్టడం ఆ ఇంట్లో తండ్రి కొడుక్కి ఇచ్చే ఆస్తి. రాజు మారితే నాణెం మీద గడ్డం కాస్త పెంచడమో, తగ్గించడమో.

చిక్కు శిలువతో మొదలైంది. నాణెం వెనక మెట్ల మీద నిలబడ్డ శిలువ ఉండేది. దాని అడ్డకర్ర తీసెయ్యమని అరబ్బు రాజుండే డమాస్కస్ నుంచి ఉత్తరువు వచ్చింది. తీసేస్తే మెట్ల మీద ఒట్టి గుంజ మిగిలింది. ఇదేమిటని మా క్రైస్తవుల గుడివాళ్లు అడిగితే శిలువేనని, చేతులు ముడుచుకుందని చెప్పేవాడు బావ. అరబ్బులు అడిగితే బల్లెం. యూదుల వీధిలో అదే మోషే చేతికర్ర. అందరూ తృప్తిగానే వెళ్లేవారు. మా అక్క మాత్రం వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

కొన్నాళ్లకు రెండో ఉత్తరువు దిగింది. మొహం వద్దు, గుంజా వద్దు, రెండు వైపులా అరబ్బీ రాత ఒక్కటే ఉండాలి. టంకశాల అధికారి ఉక్బా తోలు ముక్క మీద రాయించిన నమూనా ఇచ్చి, అక్షరాలు జాగ్రత్త, చేతకాకపోతే ఇరాక్ నుంచి మనిషిని పిలిపిస్తానన్నాడు. తాతకు దగ్గులు నేర్పుతున్నాడని బావ ఇంటికొచ్చి చిందులు తొక్కాడు గానీ, లోపల వణుకే. అరవై ఏళ్ల మనిషికి ఉలి తప్ప వేరే బతుకు లేదు. ఇరాక్ వాడొచ్చి ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఈయన లేవాల్సిందే.

అచ్చు మీద ఏది చెక్కినా తిరగేసి చెక్కాలి, అప్పుడే నాణెం మీద సరిగ్గా పడుతుంది. ఎడమ నుంచి కుడికి నడిచే గ్రీకుని బావ జీవితమంతా కుడి నుంచి ఎడమకి చెక్కాడు. ఇప్పుడు గుమాస్తా హన్నాన్ అరబ్బీ రాస్తుంటే తొంగి చూశాడు. కలం కుడి నుంచి ఎడమకి పోతోంది. బావ మొహం వెలిగిపోయింది.

"ఒరేయ్, వీళ్ల రాత పుట్టుకతోనే తిరగబడి ఉందిరా. మనం తిప్పక్కర్లేదు, ఉన్నదున్నట్టు చెక్కెయ్యడమే."

నాకూ అది మహా తెలివైన మాటగా తోచింది. మా ఇద్దరి తెలివీ కలిపినా అంతే మరి.

తొలి నాణెం ఉక్బా కళ్లెదుటే కొట్టాను. ఆయన చూశాడు, తిప్పి చూశాడు, మెడ వంచి చూశాడు. చివరికి తళతళలాడే ఇత్తడి పళ్లెం తెప్పించి, అందులో నాణెం నీడ చూసి చదివాడు.

"ఇందులో దేవుడి పేరుంది, గూర్యా. ఎగతాళికి తిప్పావంటే చెయ్యి పోతుంది. తెలియక తిప్పావంటే కొలువు పోతుంది. ఏదో నువ్వే చెప్పు."

"నేను తిప్పలేదు దొరా. తిప్పకపోవడం వల్లే వచ్చాయి ఈ తిప్పలు."

తన లెక్క అంతా విన్నవించుకున్నాడు. మీరే కుడి నుంచి రాస్తారు గదా, నా పని సగం మీరే చేసిపెట్టారనుకున్నానన్నాడు. ఉక్బా నవ్వలేదు. మీ గుళ్లో పుస్తకం ఎటు నుంచి చదువుతారని అడిగాడు.

"ఎడమ నుంచే దొరా, అందరు మనుషుల్లాగే."

హన్నాన్ కిసుక్కున నవ్వాడు. వారమంతా టంకశాలలో గుమాస్తా అయినా, ఆదివారం మా గుళ్లో ఆ పుస్తకం చదివేది ఆయనే. "మన గుడి భాష సురియానీ కూడా కుడి నుంచేనయ్యా, గూర్యా" అన్నాడు.

బావ హన్నాన్ మొహంలోకీ నాణెంలోకీ మార్చి మార్చి చూశాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ పుస్తకానికి పది మూరల దూరంలో నిలబడి దణ్ణం పెట్టుకున్న మనిషి. ఏనాడూ అందులోకి చూడలేదు. ఆయన అలా నిలబడితే నాకు దుఃఖం వచ్చింది. ఉక్బాకి కూడా ఏదో అనిపించినట్టుంది. ఎనిమిది రోజులు గడువిచ్చాడు. మళ్లీ చెక్కాలి, చెక్కింది తనే చదివి వినిపించాలి. లేకపోతే ఇరాక్ వాడే.

ఎనిమిది రోజులూ హన్నాన్ చెవి మెలేసి నేర్పాడు. దేవుణ్ణి సురియానీలో మనం పిలిచే అలాహా వాళ్ల అల్లాహ్‌కి అన్న వరస అనుకో, గుర్తుంటుందన్నాడు. బావ ఇంట్లో పిండి మీద, బూడిద మీద, ఆఖరికి మా అక్క వీపు మీద కూడా వేలితో రాసుకునేవాడు. వీధిలో ఆడవాళ్లు ఆరా తీస్తే మా అక్క మొదటిసారి నిజం ఒప్పుకుంది. "మా ఆయనకి చదువు రాదు, నేర్చుకుంటున్నాడు. మీ ఆయనకి వచ్చా?" అంది.

ఎనిమిదో రోజున కొత్త నాణెం కొట్టి ఉక్బా చేతిలో పెట్టాను. ఆయన దాన్ని బావ ముందుంచి, భయపడకుండా ఉండటానికి కాబోలు, తనే మెల్లగా చదవడం మొదలుపెట్టాడు. రెండో మాట దగ్గర బావ ఆయన్ని దాటిపోయాడు. ఉక్బా ఆగిపోయాడు. బావ ఆగలేదు. వేలు జరుపుకుంటూ, దేవుడు తప్ప దేవుడు లేడు, ఆయన ఒక్కడే అని చివరిదాకా చదివాడు.

ఇరాక్‌కి కబురు పంపక్కర్లేదన్నాడు ఉక్బా. ఆ మాట బావకి వినపడలేదు. నాణెం తిప్పి రెండో వైపు చదువుకుంటున్నాడు.