కాదనకుండా మాట కలపడం

వ్యవసాయ సహాయకురాలిగా పాతపట్నం దగ్గర ఒక పల్లెలో చేరిన కొత్తలో, రైతుల సమావేశం అంటే ముందురోజు నుంచే నాకు అన్నం సయించేది కాదు. చెప్పాల్సిందంతా రాసుకుని బట్టీపట్టి వెళ్ళేదాన్ని. మధ్యలో ఎవరైనా ఒక్క ప్రశ్న వేస్తే చాలు, ఎక్కడ ఆపానో మరిచిపోయి అలాగే నిలబడిపోయేదాన్ని.

సెలవుల్లో శృంగవరపుకోటలో ఉండే మా ఆయన అక్కగారింటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి చెప్పుకున్నాను. వదిన బట్టలు కుడుతుంది. పెళ్ళికి ముందు నాటకాలు వేసేది. తోటి నటులు మాట మరిచిపోతే, అప్పటికప్పుడు కల్పించి నెట్టుకొచ్చేవాళ్ళట.

"మనమూ అలగే ఆడదాం రా" అంది, మిషను ఆపకుండానే. "నాను వంకాయలు అమ్ముతన్నాను. నువ్వు బేరానికొచ్చావు. నాను ఏటన్నా కాదనకు. దానికి నువ్వో మాట కలుపు. అంతే."

తలూపాను.

"ఇవి సంద్రంలో కాసిన వంకాయలమ్మా!"

"సముద్రంలో ఎలాగ కాస్తాయి వదినా?"

"సూసావా, కాదన్నావు. ఇంక నానేటి మాటాడతాను? మళ్ళీ సెప్పు."

ఈసారి కాదనలేదు. "అందుకేనా, మొన్న కూరలో ఉప్పు వెయ్యకపోయినా సరిపోయింది!"

వదిన మిషను ఆపి మరీ నవ్వింది. ఉన్నన్నాళ్ళూ వంటింట్లో, బజారు దారిలో ఆడుతూనే ఉన్నాం. చాలాసార్లు నాకేమీ తోచేది కాదు. "తోసకపోతే నా మొకం సూడు. నా మాట ఇను" అనేది.

తిరిగొచ్చాక వరి నారుమడుల మీద సమావేశం పెట్టాం. నేను నోరు తెరిచానో లేదో, వెనకనుంచి ఒక ముసలాయన లేచాడు.

"అమ్మా, నువ్వెప్పుడైనా బురదలో కాలెట్టావేటి?"

అందరూ నవ్వారు. కాగితం వైపు చూడబోయి, ఆగి, ఆయన ముఖం చూశాను.

"ఇందాకే పెట్టాను తాతా. కాలవ గట్టు మీంచి జారి మడిలో పడ్డాను. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది" అని బురద కాలు చూపించాను. "ఆ మడిలో నారు పసుపు తిరిగి ఉంది. ఎవరిదది?"

ఆయన నవ్వు ఆపాడు. "నాదేనమ్మా. నాలుగు రోజులబట్టి అలగే ఉన్నాది. ఏటి సెయ్యాలి?"

నీళ్ళు ఎలా పెడుతున్నాడో, ఎరువు ఏం వేశాడో అడిగాను. పక్కవాళ్ళు తమ మడుల సంగతి ఎత్తుకున్నారు. బట్టీపట్టినవాటిలో సగం చెప్పనేలేదు. తెలియనివి కనుక్కుని చెబుతానన్నాను.

వెళ్తూ ముసలాయన, "ఈ పాలి మా వీధిలో ఎట్టమ్మా మీటింగు. ఆడోళ్ళు కూడా ఇంతారు" అన్నాడు.

తరువాతి సమావేశం అక్కడే పెట్టాం. మొదటి మాటలకే తడబడ్డాను. ఎవరో మంచినీళ్ళు అందించారు. తాగి, మళ్ళీ మొదలుపెట్టాను.