కోర్టు లేచేదాకా

మనిషిని చంపినవాడికి కోర్టు ఏం శిక్ష వేసిందో చెబితే ఇప్పటికీ కొందరు నమ్మరు. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోమంది, అంతే. నేను పరాచికాలాడుతున్నానేమో అనుకుంటారు. నాకంత ఓపిక లేదు.

చనిపోయింది మా బావ, అక్క మొగుడు. పప్పుల మండీలో లెక్కలు రాసేవాడు. ఒకరోజు పొద్దున పనికి పోతూ, వ్యాసర్పాడి వంతెన దిగాక మలుపులో మోపెడ్ ఆపి, కాలు కింద పెట్టి, దారి ఖాళీ అవుతుందేమోనని చూస్తున్నాడు. రాంగ్ సైడులో వచ్చిన నీళ్ళ లారీ గుద్దేసింది. ఎండాకాలం మద్రాసులో నీళ్ళ లారీకి అడ్డం చెప్పేవాడు లేడు. ట్రిప్పు లెక్కన కూలి కాబట్టి, బ్రేకు అనేది ఒకటుందని డ్రైవర్లు కూడా మరిచిపోతారు. ఆ లారీ ఓనరు ఒక్క వాయిదాకూ రాలేదు. ఆయన మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదు.

పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, తప్పు బావదేనన్న మాట ఒకటి పుట్టింది. లారీ తరఫువాళ్ళు ఎక్కడో అన్న మాట మా వీధికి చేరేసరికి, ఆయనే తొందరపడి మధ్యలో దూరాడట అని స్థిరపడిపోయింది. రేషను కొట్టు ముందు కూడా వరస దాటి ఎరగని మనిషి ఆయన. ఆ మాట చెవిన పడ్డ రోజు నుంచి అక్కకు ఒకటే పట్టుదల. బావ కాలు కింద పెట్టి నిలబడి ఉన్నాడని జడ్జీ ముందు ఎవరైనా చెప్పాలి. మలుపులో పూలమ్మే ఆమె కళ్ళారా చూసింది, వచ్చి చెబుతానంది. ఆ డ్రైవరుకు ఎన్నేళ్ళ జైలు పడుతుందన్నది నా గోల, అక్కది కాదు.

ఫిర్యాదు ఇచ్చింది నేనే కాబట్టి సమన్లు నాకు వచ్చేవి. స్టీలు సామాన్ల కొట్టు మూసుకుని, అక్కను వెంటబెట్టుకుని వెళ్ళేవాణ్ణి. డ్రైవరు రాలేదని ఒకసారి, వాడి వకీలు రాలేదని ఒకసారి, వకీళ్ళ సమ్మె అని ఒకసారి, జడ్జీ మారాడని ఇంకోసారి వాయిదా. చెప్పులరిగాయి. ఒక రోజు గొంతు పెంచాను. ఇది ప్రభుత్వానికీ డ్రైవరుకూ మధ్య కేసు, మీరు సాక్షి మాత్రమే అన్నాడు ప్రభుత్వ వకీలు. ప్రభుత్వానికి కూడా బావ ఉన్నాడని నాకు అప్పుడే తెలిసింది.

ఇన్నేళ్ళకు కేసు విచారణకు వచ్చింది. పూలమ్మే ఆమె పొద్దుటి బేరం వదులుకుని మాతో వచ్చింది. ఏం చెప్పాలో అక్క బస్సులో ఆమె చేత రెండుసార్లు చెప్పించుకుంది. తీరా కోర్టులో డ్రైవరు బోనెక్కి, తప్పు ఒప్పుకుంటున్నానయ్యా అన్నాడు. ఒప్పుకున్నాక ఇక సాక్ష్యాలు అక్కరలేదట. రెండేళ్ళ దాకా జైలు వేయగల సెక్షను అది. కానీ తొలి తప్పు, పేదవాడు, పిల్లలున్నారు, కేసు చాలా ఏళ్ళు సాగింది అని వాడి వకీలు చదివాడు. మేము తిరిగిన తిరుగుళ్ళు కూడా వాడికే కలిసొచ్చాయి. కొంత జరిమానా, కోర్టు లేచేదాకా శిక్ష. అంటే ఏమిటని అడిగితే ప్రభుత్వ వకీలు చావు కబురు చల్లగా చెప్పాడు. జడ్జీ లేచి వెళ్ళేదాకా వాడు ఈ గదిలో కూర్చోవాలి, అదే శిక్ష.

పూలమ్మే ఆమె సాయంత్రం బేరమైనా దక్కించుకుందామని వెళ్ళిపోయింది. అక్క మాత్రం కదల్లేదు.

"కాలు కింద పెట్టుండింది ఎవురూ అడగనే లేదేరా?" అంది.

అడగరట అన్నాను. అడుగుతారేమో, ఉందాం అని అక్కడే కూర్చుంది. నేనూ కూర్చున్నాను. నా లెక్క వేరు. ఆ పాటి శిక్షయినా వాడు పూర్తిగా అనుభవించాలి. కానిస్టేబులు వాణ్ణి టీకి వదలబోతే వెళ్ళి తగవు పెట్టుకుని ఆపాను. అవును, టీ తాగనివ్వలేదు. దానికి నేను సిగ్గుపడటం లేదు. వాడు ముందు బెంచీలో ఖాకీ చొక్కాతో, మెడ వాల్చి నిద్రపోయాడు. అక్క పెరుగన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని జడ్జీనే చూస్తూ ఉంది. ఎవరూ తిన్నది లేదు.

మధ్యాహ్నం కోర్టు మళ్ళీ మొదలైన కాసేపటికి నల్లకోట్లు గుంపుగా లోపలికి వచ్చాయి. ఒక పెద్ద వకీలు ముందుకు వెళ్ళి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. జడ్జీ లేచి నిలబడ్డాడు. గది మొత్తం లేచింది. డ్రైవరు ఉలిక్కిపడి లేచి, చేతులు కట్టుకుని తలదించుకున్నాడు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ పొద్దున ఎవరో సీనియరు వకీలు పోయారట, ఆయన కోసం మౌనమని కానిస్టేబులు నా చెవిలో చెప్పాడు. అదయ్యాక జడ్జీ మిగతా కేసులన్నీ వాయిదా వేసి లోపలికి వెళ్ళిపోయాడు. ఇంకా ఎండైనా తగ్గలేదు. వాడి శిక్ష అయిపోయింది. ఎక్కడో సంతకం పెట్టి, మాకంటే ముందే మెట్లు దిగాడు.

నా ఒళ్ళు మండిపోయింది. ఉన్నదే అరపూట శిక్ష, అందులోనూ ఎవరి చావునో చూపి మాఫీ. ఎవరి మీద అరవాలో తెలియక మెట్ల మీద నిలబడితే అక్క నా చెయ్యి పట్టుకుంది. కళ్ళు తుడుచుకుంటోంది, కానీ మొహం తేటగా ఉంది. బావ పోయాక ఆ మొహం నేను చూడలేదు.

"చూసినావా, ఆయన కోసరం జడ్జీ కూడా లేచి నిలబడినాడు. వాడు గూడా తల దించుకోనుండాడు. తప్పు ఆయనది గాదని వాళ్ళకి తెలుసురా. తెలీకుంటే నిలబడతారా?"

ఇన్నేళ్ళ కోపం నాలిక చివర ఉంది. ఆ మౌనం ఎవరి కోసమో చెబితే వినేది అక్క ఒక్కతే. మింగేశాను. ఆమె ఆ మెట్ల మీదే డబ్బా తెరిచి, పెరుగన్నం నాకింత పెట్టి, తనూ తినింది.

ఇంటికెళ్ళాక వీధిలో ప్రతి గడపకూ వెళ్ళి చెప్పుకుంది. బావే దూరాడన్న మాట ఆ తర్వాత మా వీధిలో వినపడలేదు. ఆ మాట అన్నవాళ్ళే ఇప్పుడు నా కొట్టుకు వచ్చి, గిన్నెలు తిప్పి చూస్తూ, మీ బావ కోసం కోర్టంతా లేచి నిలబడిందంట గదా అని నన్ను అడుగుతారు.

పళ్ళు బిగబట్టుకుని, అవునంటాను.