లెక్కలు రాని మనిషి నింపిన లెక్కల అల్మారా

పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కిన మనిషి ఆమె. ఏరికోరి కథల పుస్తకాల మధ్య బతకొచ్చని గ్రంథాలయంలో ఉద్యోగానికి చేరింది. చేరిన ఆరేళ్లకు అక్కడి పెద్ద లైబ్రేరియన్ రిటైరవుతూ సైన్సు, కంప్యూటర్లు, లెక్కల పుస్తకాల ఎంపిక ఆమె నెత్తిన పెట్టి వెళ్లిపోయాడు. పాఠకులు ఆమెను లెక్కల మేడమ్ అనడం మొదలుపెట్టారు. అలా పిలిచినప్పుడల్లా ఆమె మాట మార్చేసేది.

ఎవరినైనా అడుగుదామంటే గుట్టు బయటపడుతుంది. అందుకని తనకు తోచిన పద్ధతి ఒకటి పెట్టుకుంది. నమూనాకు వచ్చిన ప్రతి పుస్తకాన్నీ పెన్సిలు, కాగితం పట్టుకుని తనే చదివేది. పది పేజీల్లోపు మూడుచోట్ల ఆగిపోతే దాన్ని పక్కన పెట్టేసేది. తీసుకున్న పుస్తకాల్లోనూ తనకు కొరుకుడు పడని పేజీలుంటే, ఆ నంబరూ, ఎందుకు ఆగిపోయిందో ఒక చీటీ మీద రాసి వెనక అట్టకు అంటించేది. పద్దెనిమిదేళ్లు ఇలాగే నెట్టుకొచ్చింది.

ఈ ఏడు ఆ అల్మారాను పరిశీలించడానికి రిటైరైన లెక్కల ప్రొఫెసర్ వస్తున్నాడని ఉత్తరం వచ్చింది. వారం రోజులు ఆమెకు ముద్ద దిగలేదు. ఆయన వచ్చే రోజు పొద్దున్నే చీటీలన్నీ పీకేయబోయింది. రేఖాగణితం పుస్తకం తిరిగివ్వడానికి వచ్చిన దర్జీ చూసి గాభరాపడ్డాడు.

"అయ్యో మేడమ్, అవి తీసేస్తే ఎలా? మీరు ఆగిన చోటే నేనూ ఆగాను. ఈ చీటీలు చూసేదాకా నాకొక్కడికే బుర్ర లేదేమో అనుకునేవాణ్ణి!"

ఆమె చెయ్యి ఆగిపోయింది. అంతలోనే ప్రొఫెసర్ లోపలికి వచ్చాడు. ఒక పుస్తకం తీసి వెనక అట్ట తిప్పాడు. 'పేజీ 41. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకో చెప్పకుండా దాటేశారు' అని ఉంది. దాని కింద దర్జీ చేతిరాత: 'వెనక్కి తిరిగి నిలబడి వెనకడుగు వెయ్యండి. ముందుకే వెళ్తారు.'

ప్రొఫెసర్ కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివాడు. "పై రెండు వరుసలూ ఎవరు రాశారమ్మా?"

"నేనే సార్." ఇక దాచలేకపోయింది. "నాకు లెక్కలు రావు సార్. రాకుండానే ఇవన్నీ ఎంచాను."

"ఈ పుస్తకం నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను," అన్నాడాయన నెమ్మదిగా. "ఆ పేజీలో దాటేశారని ఈ రోజే తెలిసింది. నాకు ముందే వచ్చు కదా, ఇంక ఆగేదెక్కడ?"

తర్వాత జేబులోంచి తను రాసుకొచ్చిన జాబితా తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇవి నలభై పుస్తకాలు. మీరు చదివి, పనికిరానివి కొట్టేయండి. మీరు ఉంచినవే తెప్పిద్దాం."

దర్జీ అప్పటికే అద్దాల తలుపు దగ్గర వెనక్కి తిరిగి, ఆయనకు అడుగులు వేసి చూపిస్తున్నాడు.

ఆ సాయంత్రం బస్‌స్టాపులో ఆమె రెండు బస్సులు వదిలేసింది. ఎక్కాలనిపించలేదు. అలా ఊరికే కూర్చోవడమే ఎంతో హాయిగా ఉంది.